నెపోలియన్‌కీ హానిబాల్‌కీ మధ్య ఒక పెళ్ళి

పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి జీతమెంత, అమ్మాయికి వంట వచ్చా అని అడగడం శుద్ధ దండగ. అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ప్రపంచంలోకెల్లా గొప్ప సేనాధిపతి ఎవరని మీ నాన్నగారి అభిప్రాయం?

నవ్వకండి. నేను గుంటూరులో చాలా ఏళ్ళుగా పెళ్ళికార్డులు అచ్చువేస్తున్నవాణ్ణి. పేరు శ్యామ్ సుందర్. ఏ పెళ్ళి ఎందుకు ఆగిందో అందరికంటే ముందు తెలిసేది పురోహితుడికీ కాదు, ఖాజీగారికీ కాదు, నాకే. ‘అచ్చు ఆపండి’ అని మొదటి ఫోను వచ్చేది మా ప్రెస్సుకే.

ఒకప్పుడు ఐస్‌క్రీమ్ కరిగిపోయిందనీ, గ్రూప్ ఫొటోలో పెద్దత్తను పక్కకి నెట్టారనీ సంబంధాలు చెడిపోయేవి. ఇప్పుడు మన స్థాయి పెరిగింది. క్రీస్తు పుట్టకముందు జరిగిన యుద్ధాల మీద చెడిపోతున్నాయి. దీన్ని అభివృద్ధి అనక ఇంకేమంటారు?

దీనికంతటికీ కారణం ఫోన్లలో వచ్చే ఆ వీడియోలే. ఒక బొంగురు గొంతు, వెనకాల డప్పులు, ‘ఎవరి నాయకత్వం గొప్పది? ఎవరి వారసత్వం నిలిచింది?’ అని ప్రశ్న. అలెగ్జాండర్‌ని, చెంఘిజ్ ఖాన్‌ని పక్కపక్కన నిలబెట్టి, బ్యాట్స్‌మెన్‌కి ఇచ్చినట్టు మార్కులిస్తారు. కొందరు ఇదొక పీడ అంటున్నారు. వాళ్ళకి లోకజ్ఞానం లేదు. నన్నడిగితే ఇది వరం.

ఈ వీడియోలు వచ్చాక మా వీధిలో రాజకీయాల మీద గొడవలు పోయాయి. కరెంటు పోతే ఎవరూ తిట్టుకోవడం లేదు, చీకట్లో కూర్చుని వాటర్లూ యుద్ధం గురించి మాట్లాడుకుంటున్నారు. మంగలి షాపులో సగం గడ్డంతో లేచి వెళ్ళిపోయినవాడు ఒకడున్నాడు, చెంఘిజ్ ఖాన్‌ని తక్కువ చేశారని. ప్రత్తిపాడు వైపు పత్తి వేసే మా వెంకయ్యయితే చేలో మందు కొట్టేటప్పుడు గులాబీ రంగు పురుగుని పురుగు అనడం మానేశాడు, ‘ఎదుటి పక్షం’ అంటున్నాడు. పురుగు తగ్గలేదు. కానీ వెంకయ్యకి దాని మీద గౌరవం పెరిగింది.

ఇన్ని లాభాలున్న సంగతిని ఇంకా పీడ అంటారా? అయితే మాబు సాహెబ్ కూతురి పెళ్ళి కథ వినండి.

మాబు సాహెబ్‌కి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. మేమిద్దరం ఒకే బడిలో చదివాం. మనిషి పొట్టి, మాట గట్టి. నెపోలియన్ అంటే ప్రాణం. ఎందుకని అడిగితే, ‘పొట్టివాడైనా ప్రపంచం తలెత్తి చూసేలా చేశాడు కదరా’ అంటాడు. నెపోలియన్ మరీ అంత పొట్టివాడేం కాదని చరిత్రకారులు అంటున్నారని ఒకసారి చెప్పాను. ఒక వారం నాతో మాట్లాడలేదు.

మాబు సాహెబ్ కూతురు ఫిజా. మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఆ అమ్మాయికి చీరాల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ముదస్సిర్, ఫిజియోథెరపిస్టు. నెమ్మదస్తుడు. అబ్బాయి తండ్రి మాలిక్‌గారు చీరాలలో చేనేత చీరల హోల్‌సేల్ వ్యాపారి. ఆయన పొడగరి, మాట మెత్తన. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. ఆడవాళ్ళు ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. కార్డులు నా దగ్గర అచ్చయిపోయి, అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి.

అలాంటి సమయంలో మాబు సాహెబ్ వియ్యాలవారిని భోజనానికి పిలిచాడు. నన్నూ పిలిచాడు.

భోజనం బ్రహ్మాండంగా జరిగింది. తర్వాత సోఫాలో చేరగిలబడి మాబు సాహెబ్ టీవీ పెట్టాడు. అక్కడే వచ్చింది చిక్కు. టీవీలో ఆ బొంగురు గొంతు గొప్ప సేనాధిపతుల ర్యాంకులు చదువుతోంది. నెపోలియన్‌కి మొదటి ర్యాంకు వచ్చింది. మాబు సాహెబ్ తన కూతురికే ర్యాంకు వచ్చినంత సంబరంగా అందరి వైపూ చూశాడు.

మాలిక్‌గారు చేతిలో ఉన్న సోంపు నోట్లో వేసుకోకుండా ఆగారు.

“హానిబాల్ ఎక్కడండీ?” అన్నారు మెల్లగా.

“ఐదో ప్లేసులో ఉన్నాడు లెండి” అన్నాడు మాబు సాహెబ్.

“ఐదా? ఏనుగుల్ని పెట్టుకుని ఆల్ప్స్ కొండలు దాటినవాడు ఐదా? మీ నెపోలియన్ రష్యాలో సైన్యాన్ని మంచులో వదిలేసి, తను మాత్రం బండెక్కి పారిస్ వెళ్ళిపోయాడు కదా బావగారూ. అంతకుముందు ఈజిప్టులోనూ అదే పని చేశాడు. ఆయన ఒకటా?”

“మీ హానిబాల్ మాత్రం? ఇటలీలో అన్నేళ్ళు తిరిగాడు. రోము గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల అడుగుపెట్టాడా?”

“గుమ్మం దాకా వెళ్ళాడు కదా.”

“వెళ్ళి వెనక్కొచ్చాడు కదా.”

అంతవరకూ బాగానే ఉంది. ఇద్దరూ చదువుకున్న విషయాలే మాట్లాడుతున్నారు. నేనూ సంతోషంగా వింటున్నాను. ఆ తర్వాత ఆ యుద్ధం రష్యా నుంచీ ఇటలీ నుంచీ బయల్దేరి నేరుగా మా సోఫాల మధ్యకి వచ్చేసింది.

“సొంత సైన్యాన్ని వదిలేసి పోయినవాణ్ణి ఇంత మెచ్చుకునే ఇంట్లో పెరిగిన పిల్ల, రేపు మావాణ్ణి వదిలేసి పోదని ఏంటండీ నమ్మకం?” అన్నారు మాలిక్‌గారు. గొంతు మాత్రం పెంచలేదు.

“గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాళ్ళ ఇంటికి పిల్లనెలా ఇవ్వమంటారు?” అన్నాడు మాబు సాహెబ్. ఇతను పెంచాడు.

సర్దార్‌బీ వంటింట్లోంచి వచ్చింది. ఆమె మాబు సాహెబ్ భార్య. “ఎవరు వదిలేశారు? ఎవరు ఆగిపోయారు?” అని కంగారుగా అడిగింది. మాలిక్‌గారి భార్య నజ్మీన్ ఆమెకి సర్ది చెప్పింది. “మనవాళ్ళు కాదు వదినా. ఎవరో చచ్చిపోయినవాళ్ళు.”

ఈ దశలో నేను మధ్యవర్తిత్వం చేయాలనుకున్నాను. ఇద్దరికీ సమ్మతమయ్యే పేరు ఒకటి చెప్పాను. “ఎక్కడో ఉన్నవాళ్ళ గోల మనకెందుకు? శ్రీకృష్ణదేవరాయలు మన పక్కనున్న కొండవీడు కోటని గెలుచుకున్నాడు. ఆయన్ని ఒకటో ప్లేసులో పెట్టుకుని, మీ ఇద్దరూ రెండూ మూడూ పంచుకోండి” అన్నాను.

వియ్యంకులిద్దరూ ఆ పూట మొదటిసారి ఒక్కమాట మీదికొచ్చారు. ఇద్దరూ నా వైపు తిరిగి, “మధ్యలో మీరెందుకండీ?” అని ఒకరు, “మధ్యలో నువ్వెందుకురా?” అని ఒకరు అన్నారు. మధ్యవర్తి వల్ల శాంతి రాదని ఎవరన్నారు? రెండు పక్షాలకీ ఒక ఉమ్మడి శత్రువు దొరకడం చిన్న సంగతేమీ కాదు.

మాలిక్‌గారు లేచారు. “పద” అన్నారు భార్యతో. కారు చీరాల వైపు వెళ్ళిపోయింది. సాయంత్రానికి మా ప్రెస్సుకి ఫోను వచ్చింది.

“శ్యామూ, ఆ కార్డులు ఎవరికీ ఇవ్వకు” అన్నాడు మాబు సాహెబ్.

నిజమైన సేనాధిపతుల యుద్ధాలకీ వియ్యంకుల యుద్ధాలకీ ఒక తేడా ఉంది. అక్కడ ఎవరు ముందు కదిలితే వాళ్ళకి లాభం. ఇక్కడ ఎవరు ముందు ఫోన్ చేస్తే వాళ్ళు ఓడినట్టు. కాబట్టి గుంటూరూ కదల్లేదు, చీరాలా కదల్లేదు. నిఖా రోజు మాత్రం ఎవరి ఆజ్ఞా లేకుండా రోజూ కాస్త దగ్గరికి జరుగుతూనే ఉంది.

మాబు సాహెబ్ రోజూ మా ప్రెస్సుకి వచ్చి కూర్చునేవాడు. మొదట్లో నెపోలియన్ గొప్పతనం చెప్పేవాడు. తర్వాత తర్వాత ఏమీ మాట్లాడకుండా కార్డుల పెట్టెల వైపు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నేనే అన్నాను.

“ఒక్క ఫోన్ కదా మాబూ. చేసెయ్.”

“నీకు అర్థం కాదురా.” అన్నాడు మాబు సాహెబ్. “సంబంధం కుదిరిన రోజు నుంచీ తల వంచుకునే ఉన్నా. వాళ్ళు తేదీ మార్చమంటే సరేనన్నా. హాలు మార్చమంటే సరేనన్నా. నజ్మీన్‌గారు నవ్వితే నవ్వా, ఆవిడ మానేస్తే నేనూ మానేశా. పిల్లనిచ్చేవాణ్ణి కదా. ఆ ఒక్క నెపోలియన్ దగ్గరే తలెత్తా. అదీ దించమంటావా?”

ఆ పక్కనే మిషను కార్డులు కొడుతోంది, వేరేవాళ్ళవి. అతను ఆ చప్పుడు కాసేపు విని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫిజా వచ్చింది. ఆఫీసు బ్యాగు భుజానే ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి కానీ ఏడవలేదు.

“బాబాయ్, ముదస్సిర్‌తో మాట్లాడాను. వాళ్ళింట్లోనూ ఇదే గోల. వాళ్ళ నాన్నగారు అన్నం ముందు కూర్చుని కూడా ఏనుగుల గురించే చెప్తున్నారట. మేము ఏం చెప్పినా వినరు. వీళ్ళిద్దరూ వినేది చచ్చిపోయిన సేనాధిపతుల మాటే. వాళ్ళలో ఎవరైనా ఎప్పుడైనా వెనక్కి తగ్గారా? అలాంటిదేమైనా ఉంటే చెప్పు.”

నాకు ఒకటి గుర్తుకొచ్చింది. అలెగ్జాండర్ బియాస్ నది దాకా వచ్చాడు. ఇంకా ముందుకి పోదామన్నాడు. అతని సైనికులు ఏళ్ళ తరబడి నడిచి నడిచి అలిసిపోయి ఉన్నారు. వాళ్ళు తిరగబడి కత్తులు దూయలేదు. ఊరికే ‘మేం ఇక కదలం’ అన్నారు. కోయినస్ అని ఒక అధికారి లేచి, అందరూ ఇంటికి పోవాలనుకుంటున్నారని మొహం మీదే చెప్పాడు. అలెగ్జాండర్ అలిగి గుడారంలో కూర్చున్నాడు. సైనికులు బతిమాలుతారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. చివరికి సరే, వెనక్కి పోదామన్నాడు.

ఫిజా శ్రద్ధగా విన్నది.

“గుడారంలో అలిగి కూర్చున్నాడా?”

“చరిత్రలో అలానే రాశారమ్మా.”

“అచ్చం మా నాన్నే” అంది. అని అక్కడే నిలబడి చీరాలకి ఫోన్ చేసింది.

ఆ మర్నాటి నుంచి రెండు ఊళ్ళలో రెండు సైన్యాలు కదలడం మానేశాయి. గొడవ లేదు, ఏడుపు లేదు. మాబు సాహెబ్ టీ అడిగితే సర్దార్‌బీ పేపరు చదువుకుంటూ కూర్చుంది. “మీరు యుద్ధం చేసుకోండి, మేము ఇక్కడే ఆగిపోతాం” అంది. పడుకుందామని వెళితే మంచం మీద ఫిజా, సర్దార్‌బీ ఇద్దరూ బట్టలు పరిచి మడతలు పెడుతున్నారు. “నెపోలియన్‌కి నాలుగు గంటల నిద్ర చాలంటారుగా. మీకు కుర్చీ సరిపోతుంది” అని చెప్పారు. టీవీ రిమోట్ కనబడలేదు. అడిగితే సరఫరాలు తెగిపోయాయని ఫిజా జవాబిచ్చింది.

చీరాలలో పరిస్థితి ఇంతకంటే విషమం. మాలిక్‌గారు కంచం ముందు కూర్చుంటే నజ్మీన్ అందులో రెండు ఖర్జూరాలు వేసింది. “ఆల్ప్స్ కొండల మీద మీ హానిబాల్‌కి పెరుగు పచ్చడీ, వేపుడూ పెట్టేవాళ్ళు లేరు కదా” అని లోపలికి వెళ్ళిపోయింది. నడుం నొప్పులకి వైద్యం చేసే ముదస్సిర్, తండ్రి నడుం పట్టేసిందని పిలిస్తే, “ఏనుగు మీద కూర్చుంటే పట్టేస్తుంది నాన్నా, దిగితే తగ్గిపోతుంది” అన్నాడట. నెమ్మదస్తులతో వచ్చే చిక్కే ఇది. ఎప్పుడో ఒక్కసారే మాట్లాడతారు.

పాఠకులారా, సైన్యం లేని సేనాధిపతిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. యార్డు దగ్గర టీ బంకులో ఒంటరిగా నిలబడి బన్ను తింటున్నాడు.

ఒక ఉదయం మాబు సాహెబ్ ఎవరికీ చెప్పకుండా డాబా మీదికెళ్ళి చీరాలకి ఫోన్ చేశాడు. లైను బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. మాలిక్‌గారు ఇంకెవరితోనో మాట్లాడుతున్నారంటే, ఇంకో సంబంధం చూస్తున్నారన్నమాట అని అతనికి అనిపించింది.

అసలు సంగతేమిటంటే, అదే నిమిషంలో చీరాలలో మాలిక్‌గారు కూడా షాపు వెనక గోడౌన్లో చీరల మూటల మధ్య నిలబడి గుంటూరుకి ఫోన్ చేస్తున్నారు. ఆయనకీ లైను బిజీయే. ఆయనకీ అదే అనుమానం వచ్చింది. ఒకరికొకరు చేసుకుంటున్న ఫోన్లే ఒకరినొకరు అడ్డుకుంటున్నాయని ఇద్దరిలో ఏ వ్యూహకర్తకీ తట్టలేదు.

మాబు సాహెబ్ ‘యార్డుకెళ్ళొస్తా’ అని ఇంట్లో చెప్పి, ఆ కంగారులో ఫోను డాబా పిట్టగోడ మీదే మర్చిపోయి, స్టేషనుకెళ్ళి చీరాల రైలెక్కాడు. మాలిక్‌గారు ‘షాపులో పనుంది’ అని ఇంట్లో చెప్పి, బాపట్ల, పొన్నూరు మీదుగా వచ్చే బస్సెక్కి గుంటూరు బయల్దేరారు. ఒకరు తెనాలి మీదుగా పోతున్నారు, ఒకరు పొన్నూరు మీదుగా వస్తున్నారు. రెండు సైన్యాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా దాటిపోయాయి. ఇలాంటిది ఏ వీడియోలోనైనా చూపించారా?

మధ్యాహ్నం సర్దార్‌బీ నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“అన్నయ్యా, తొందరగా రండి. శత్రువు ఇంట్లోకొచ్చాడు.”

“ఏం చేస్తున్నాడమ్మా?”

“అన్నం తింటున్నాడు.”

నేను వెళ్ళేసరికి మాలిక్‌గారు మాబు సాహెబ్ కుర్చీలోనే కూర్చుని గోంగూర మాంసం తింటున్నారు. కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కారానికేనా అని నాకు అనుమానం వచ్చింది. ఫిజా పక్కన నిలబడి మంచినీళ్ళు పోస్తోంది. ఆరోజు ఇంటి నుంచే పని చేస్తోందట.

“బావగారు యార్డుకెళ్ళారంట. వచ్చేదాకా ఉంటా” అన్నారు నాతో. కాసేపు తిన్నారు. తర్వాత ఫిజా వైపు చూడకుండా, కంచంలోకి చూస్తూ మాట్లాడారు. “హానిబాల్ ఆఖరికి ఓడిపోయాడమ్మా. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఇన్నేళ్ళయినా జనం ఆయన పేరు చెప్పుకుంటున్నారు. మా నాన్న హయాంలో మా షాపు కోసం ఒక వీధి వీధంతా మగ్గాలు నడిచేవి. ఇప్పుడు నేసేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. మరమగ్గం చీర పక్కన మన చీర పెట్టి తేడా చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. ఓడిపోయేవాడు కూడా గొప్పవాడవచ్చని ఎవరో ఒకరు అనాలి కదా. టీవీలో ఐదో ప్లేసు అనేసరికి తట్టుకోలేకపోయా.”

ఫిజా ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టి, దాని మీద నెయ్యి వేసింది. కారం తగ్గడానికి.

సరిగ్గా అప్పుడు ఆమె ఫోను మోగింది. ముదస్సిర్. స్పీకరులో పెట్టింది.

“ఫిజా, మీ నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు. చేపల పులుసు తింటున్నారు. మా నాన్న షాపులో లేరు, ఫోను స్విచ్ఛాఫ్. ఎక్కడికెళ్ళారో తెలీదు. ఏం చేయమంటావ్?”

మాలిక్‌గారు చెయ్యి కడుక్కోకుండానే ఫోను దగ్గరికి వంగారు.

“బావగారూ?”

అవతల నుంచి మాబు సాహెబ్ గొంతు వచ్చింది.

“బావగారూ, మీరెక్కడ?”

“మీ ఇంట్లో. మీ కుర్చీలో.”

“నేనూ మీ కుర్చీలోనే ఉన్నా.”

రెండు ఊళ్ళలోనూ రెండు ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

“పులుసు బాగుందా?” అన్నారు మాలిక్‌గారు.

“చాలా బాగుంది. చింతపండు సరిగ్గా పడింది. మా ఇంట్లో కారం ఎక్కువైందా?”

“ఎక్కువే. కానీ బాగుంది.” గొంతు సవరించుకున్నారు. “నెపోలియన్ గురించి నేను అలా అనకూడదు. పెద్దవాడు.”

“లేదు లేదు, హానిబాల్‌ని నేనే తక్కువ చేశాను. ఏనుగుల్ని కొండెక్కించడం మాటలా? నేను మిర్చి బస్తాల లారీని ఫ్లైఓవర్ ఎక్కించలేక ఛస్తున్నాను.”

“మీరు మా ఇంటిదాకా వచ్చారు. మీరే గెలిచినట్టు.”

“భలేవారే. ముందు బయల్దేరింది మీరు. గెలుపు మీదే.”

“కాదండీ, మీదే.”

“నా మాట వినరేంటండీ? మీదేనని చెప్తుంటే.”

రెండు వైపులా గొంతులు మళ్ళీ లేస్తున్నాయి. గెలుపు నాది కాదంటే నాది కాదని పోట్లాడుకుని సంబంధం చెడగొట్టుకునే మొదటి వియ్యంకులు వీళ్ళే అవుతారని నాకు భయం వేసింది. సర్దార్‌బీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఫిజా ఫోను అందుకుంది.

“నాన్నా, మామయ్యగారూ, ఇద్దరూ వినండి. ఇద్దరూ ఓడిపోయారు. నిఖా అనుకున్న రోజునే. నాన్నా, అక్కడ పెరుగు కూడా వేసుకుని తిని, సాయంత్రం రైలుకి వచ్చెయ్. బాబాయ్ రేపు కార్డులు పంచుతాడు.”

రెండు వైపులా ఎవరూ కాదనలేదు. మాలిక్‌గారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఫిజా తల మీద చెయ్యి పెట్టారు. చీరాల వైపు నుంచి ముదస్సిర్ నవ్వుతున్న చప్పుడు వినబడింది. ఆ అబ్బాయి అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారని నజ్మీన్ తర్వాత చెప్పింది.

పెళ్ళి బాగా జరిగింది. నేను వేసిన కార్డుల మీద ఒక్క అచ్చుతప్పూ లేదు. ఖాజీగారు అడిగినప్పుడు ఫిజా ఒప్పుకున్నానని స్పష్టంగా, గట్టిగా చెప్పింది. మాబు సాహెబ్ కళ్ళు తుడుచుకుంటుంటే మాలిక్‌గారు తన రుమాలు ఇచ్చారు. దావత్‌లో వియ్యంకులిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ తమ కథ చెప్పారు. ఒకరి కోటలోకి ఒకరు ఒకే పూట చొరబడడం ముందే వేసుకున్న జంట వ్యూహమని చెప్పారు. జనం నమ్మారు. ఫిజా కూడా తలూపింది. తన భర్త కూడా తలూపేలా చూసింది.

ఆ బల్ల చుట్టూ మూగినవాళ్ళతోనే ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. పేరు ‘సేనాధిపతులు: నాయకత్వం, వారసత్వం’. వియ్యంకులిద్దరూ అందులో అడ్మిన్లు. నేనూ సభ్యుణ్ణే. గుంటూరు, చీరాల, మంగళగిరి, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రెండొందల మందికి పైగా చేరారు. అందరూ దిగ్గజాలే. దండయాత్ర గురించి తెలియనివాడు ఒక్కడు లేడు. ఇంతమంది మేధావులు ఒకచోట చేరడం మన జిల్లాల అదృష్టం కాదా?

ఆ అదృష్టాన్ని మొన్న నేను పరీక్షించాను.

మా వీధి మొదట్లో మురుక్కాలువ మీద ఒక రాతిపలక ఉండేది. ఇసుక లారీ ఎక్కడంతో అది విరిగి కాలువలో పడిపోయింది. పక్కింటి వెంకటేశ్వరమ్మగారు పూలకి వెళ్తూ అందులో కాలు పెట్టి, చీలమండ వాచిపోయి మంచమెక్కారు. వీధిలో అందరం కలిసి కొత్త పలక తెప్పించాం. లారీవాడు దాన్ని కాలువ పక్కన దించి వెళ్ళిపోయాడు. ఎత్తి కాలువ మీద పెట్టడమే మిగిలింది. గ్రూపులో మా పేటవాళ్ళూ చాలామంది ఉన్నారు కదా అని ఫొటో తీసి పెట్టాను. ‘పలక ఎత్తాలి. దయచేసి రాగలరు’ అని రాశాను.

స్పందన అద్భుతం. లక్ష్మీకాంత్‌గారు అనే ఆయన, హానిబాల్ ఆల్ప్స్‌లో బండరాళ్ళని కాల్చి వాటి మీద వెనిగర్ పోసి పగలగొట్టాడని గుర్తుచేశారు. పలక పగలగొట్టాల్సింది కాదు, ఎత్తాల్సిందని నేను మనవి చేసుకున్నాను. ఇంకొకాయన ముందు ఎత్తైన ప్రదేశాన్ని స్వాధీనం చేసుకోమన్నారు. వీరబాబు అనే సభ్యుడు మూడు గుంపులుగా విడిపోయి పలకని చుట్టుముట్టమన్నాడు. మాబు సాహెబ్, నెపోలియన్ అయితే తెల్లవారకముందే ఈ పని ముగించేవాడన్నాడు. మాలిక్‌గారు ఏనుగు ఉంటే బాగుండేదని బాధపడ్డారు. ఆ తర్వాత నెపోలియన్‌కీ పలకకీ సంబంధం ఏమిటన్న దాని మీద చర్చ సాయంత్రం దాకా నడిచింది. బొటనవేళ్ళు లెక్కలేనన్ని వచ్చాయి. చేతులు రాలేదు.

ఎవరినీ తప్పుపట్టను. పోల్చుకోవడం మానమని కూడా అనను. సేనాధిపతులు వరమేనని ఇప్పటికీ నా నమ్మకం. నాకొచ్చిన చిక్కు వేరు. ఇన్ని వేల పేర్లు విన్నాను, ఇన్ని వందల మందిని చూశాను, ఒక్కడంటే ఒక్కడు సైనికుడు దొరకడం లేదు.

అందుకే ఈ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందు మా వీధి మొదట్లో ఉంటాను. వ్యూహం ఏమీ లేదు. పలకకి నాలుగు మూలలున్నాయి, ముందూ వెనకా లేవు, కాబట్టి ఎవరు ముందుండాలన్న తగాదా రాదు. ముగ్గురు వస్తే చాలు. నాలుగో మూల నేను పట్టుకుంటాను.